హద్దులు పోయిన ఊళ్లకు నక్షా ఎవరు గీయాలి?

మా కాలనీ పేరు ఒక తేదీ. ఇల్లెందు దగ్గరి సింగరేణి గ్రామంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1989 నాటికి నూరేళ్లు నిండాయి. గోదావరిఖని, మంథనిల నడుమ లేచిన క్వార్టర్ల వరుసలకు ఆ శతాబ్ది పేరే సెంటినరీ కాలనీగా స్థిరపడింది. ఇక్కడి చిరునామాల్లో తాతముత్తాతల పేర్లు ఉండవు. బ్లాకు నెంబరు, క్వార్టరు నెంబరు ఉంటాయి. మాకు పొరుగున ఉన్న యైటింక్లైన్ కాలనీ పేరు విని కొత్తవారు అదేదో పురాతన గ్రామనామమని భ్రమపడతారు. ఎనిమిదో నెంబరు ఇంక్లైన్ కార్మికుల నాలుక మీద నలిగి నలిగి అలా మారింది. ఈ నేల మీద బొగ్గు పెట్టిన పేర్లు అన్ని ఉన్నాయి.

అయితే బొగ్గు రాకముందు కూడా ఇక్కడ మనుషులున్నారు. రామగిరి ఖిల్లా పాదంలో బేగంపేట ఉంది. ఆ పేరులోనే ఒక చరిత్ర దాగి ఉంది. చుట్టూ పన్నూరు, నాగేపల్లి, కల్వచర్ల, లద్నాపూర్ వంటి ఊళ్లున్నాయి. 1905 దాకా ఈ ప్రాంతమంతా ఎలగందల జిల్లా. పల్లె పల్లెకూ పీర్ల కొట్టం, పది ముస్లిం గడపలున్న ప్రతిచోటా ఒక చిన్న మస్జిదు, చెరువు కట్టకో గుట్ట వారకో ఒక ఖబరస్తాన్ ఉండడం తెలంగాణ గ్రామానికి సహజ లక్షణం. ఓపెన్‌కాస్టు గనులు వచ్చాక కొన్ని ఊళ్లు కదిలాయి, కొన్ని సగమయ్యాయి, కొన్ని పేరుకు మాత్రమే మిగిలాయి.

ఒక ఈద్ నాడు నమాజు ముగిశాక మస్జిదు బయట జరిగిన చిన్న సంగతి ఈ వ్యాసానికి కారణం. ఒక విశ్రాంత కార్మికుడు తన మనుమడిని పిలిచి, తన తండ్రి ఖబరు ఉన్న చోటు ఫోనులో చూపమన్నాడు. ఆయన పుట్టిన ఊరు గోతిలో కలిసి చాలా ఏళ్లయింది. “దాదా, ఊరి పేరు చెప్పు, కొడతా” అన్నాడు పిల్లవాడు. పేరు కొడితే అదే పేరున్న మరో జిల్లాలోని ఊరు వచ్చింది. మళ్లీ కొడితే బూడిదరంగు మెట్లు మెట్లుగా దిగిన గుంత, అడుగున పచ్చటి నీళ్లు కనిపించాయి. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. “ఈడ వేపచెట్టు ఉండె బేటా, దాని పొంట మా బావి” అంటూ తెర మీద వేలు పెట్టాడు. వేలు తగలగానే పటం జరిగిపోయింది. చుట్టూ నిలబడ్డ మేము నవ్వలేకపోయాము.

ఆ రోజు నుంచీ మాలో కొందరము ఒకే మాట మీద ఆలోచిస్తున్నాము. భూమి మీద చెరిగిపోయిన చోటును పటం మీద నిలిపి ఉంచవచ్చునా? నిలిపితే దాని వల్ల ఎవరికి మేలు? అది ఎవరి పని?

మన ప్రాంతానికి పటాలు లేవని ఎవరైనా అంటే అది పొరపాటు. కోల్‌బెల్టు అంత సూక్ష్మంగా కొలిచిన నేల తెలంగాణలో మరొకటి అరుదు. భూమికి వందల అడుగుల లోతున ఏ సీమ్ ఎంత మందం, ఏ గ్యాలరీ ఎటు మళ్లింది, ఎక్కడ స్తంభం వదిలారు, ఎక్కడ కప్పు దింపారు అన్నది సర్వే విభాగం కొలిచి గీసి పెడుతుంది. మూసేసిన గనికి కూడా ప్లాను భద్రపరచవలసిందే, అది చట్టం. రెవెన్యూ వారి వద్ద గ్రామ నక్షాలు, టీపన్లు, సేత్వార్లు, 1954–55 ఖాస్రా పహాణీలు ఉన్నాయి. ఇప్పుడు వక్ఫ్ ఆస్తుల కోసం కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచింది. మూడూ పటాలే, మూడింటికీ వేర్వేరు చూపులు. కంపెనీ ప్లాను బొగ్గును చూస్తుంది. రెవెన్యూ నక్షా యజమానిని చూస్తుంది. పోర్టల్ ఆస్తిని చూస్తుంది. ఇక్కడ ఎవరు బతికారు, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారు, అలావ గుండం ఎక్కడ తవ్వేవారు, వానకాలం జనాజాను ఏ దారిన తీసుకెళ్లేవారు అన్నది ఈ మూడింటిలో దేనికీ పట్టని ప్రశ్న.

పట్టనక్కరలేదు కూడా, అది వాటి పని కాదు గనుక. మా ఫిర్యాదు వాటి మీద కాదు. ఆ నాలుగో పటం గీయవలసిన మనమే ఇంతకాలం గీయలేదు.

వక్ఫ్ గెజిట్లు చూసినవారికి ఒక విషయం తెలిసి ఉంటుంది. ఒక ఖబరస్తాన్‌ను గుర్తించడానికి అందులో గ్రామం, సర్వే నెంబరు, విస్తీర్ణం, ఆపై నాలుగు హద్దులు రాస్తారు. తూర్పున ఫలానావారి పొలం, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన చెరువు శిఖం. ఊరు ఊరుగా ఉన్నంతకాలం ఇంతకన్నా పక్కా గుర్తింపు అక్కరలేదు, ఎవరిని అడిగినా చెబుతారు. ఓపెన్‌కాస్టు వచ్చినచోట పొలమూ లేదు, బండ్ల బాటా లేదు, వాగును మళ్లించారు, చెరువు మీద మట్టిగుట్ట లేచింది. నాలుగు హద్దులూ ఒకేసారి పోయిన స్థలాన్ని ఏ కాగితం చూపించగలదు? పైగా ఆ పాత సేత్వార్లూ నక్షాలూ ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మన పిల్లలకు అవి ఇంట్లో ఉన్నా తాళం వేసిన పెట్టెతో సమానం. ఈ పత్రికను తెలుగులో చదువుతున్న కుటుంబాలకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తవలసి వచ్చిందో చెప్పాలి. 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, వినియోగం ద్వారా వక్ఫ్ అనే సూత్రాన్ని ఇకముందుకు తొలగించింది. తరతరాలుగా నమాజు చేస్తున్నాము, తరతరాలుగా ఖననం చేస్తున్నాము అన్న ఒక్క ఆధారంతో ఏ స్థలమూ కొత్తగా వక్ఫ్ కాజాలదు. అప్పటికే నమోదై ఉన్నవి, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి మాత్రం అలాగే కొనసాగుతాయి. 2025 సెప్టెంబర్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది గానీ దీనిని నిలపలేదు. పాత వక్ఫ్ సమాచార వ్యవస్థలో దేశవ్యాప్తంగా 8.72 లక్షల స్థిరాస్తులుంటే, వాటిలో దాదాపు 4.02 లక్షలు వినియోగం ద్వారా వక్ఫ్ అయినవే. అంటే సగానికి కొంచెం తక్కువ ఆస్తులకు పుట్టుకలో దస్తావేజు లేదు, వాడుక మాత్రమే ఉంది. వాడుకకు సాక్ష్యం జ్ఞాపకం. 2025 డిసెంబర్ 6తో గడువు ముగిసేనాటికి ఉమీద్ పోర్టల్‌లో సుమారు 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైంది. ఆమోదం పొందినవి 2.16 లక్షల పైచిలుకు మాత్రమే. పోర్టల్ అడిగినది స్థలపు అక్షాంశ రేఖాంశాలతో సహా వివరాలు. గోతిలో కలిసిన ఖబరస్తాన్‌కు, ఊరు కదిలాక తలుపులు మూసుకున్న మస్జిదుకు ఆ అంకెలు ఎవరు ఇస్తారు?

ఇక్కడ తొందరపడి ఒక ఆశను పెంచుకోరాదు. మనం గీసుకునే పటం హక్కు పత్రం కాదు. న్యాయస్థానం గెజిట్‌ను, పహాణీని, రిజిస్టర్‌ను చూస్తుంది. ఫోనులో పెట్టిన చుక్కను చూసి తీర్పు ఇవ్వదు. అయినా ఆ చుక్క ఏ గ్రామపు సేత్వార్ కోసం దరఖాస్తు పెట్టాలో, ఏ సర్వే నెంబరు వెతకాలో, ఏ పెద్దమనిషి వాంగ్మూలం రాసుకోవాలో దారి చూపుతుంది. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనంలో ప్రార్థనాస్థలాలు, ఖనన, దహన స్థలాలు కూడా లెక్కకు రావాలి. నిర్వాసితుల కొత్త కాలనీలో, అక్కడి వర్గాల ఆచారాలను బట్టి ఖనన, దహన స్థలం ఏర్పరచాలని అదే చట్టం మూడో షెడ్యూలులో ఉంది. అయితే 2017లో తెలంగాణ తెచ్చుకున్న సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించే వీలు ప్రభుత్వానికి కల్పించింది. కనుక అధ్యయనానికి వచ్చే అధికారి అడిగితే చెబుదామని ఎదురుచూడడం తెలివైన పని కాదు. గ్రామసభ జరిగేనాటికి పటం మన చేతిలో ఉండాలి. పోయిన ఊరి పటం జ్ఞాపకం కోసమైతే, రేపు పోబోయే ఊరి పటం బేరం కోసం. ఈ రెండింటిలో రెండవది మరింత అత్యవసరమని మా అభిప్రాయం.

ఇంతకూ ఈ పని ఎలా జరుగుతుందో, యంత్రమంటే బెరుకున్న పెద్దలకు అర్థమయ్యేట్టు కాస్త వివరిస్తాము. పాత గ్రామ నక్షాను స్కాన్ చేసి కంప్యూటరులోని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరుస్తారు. రెండింటిలోనూ మారకుండా ఉన్న గుర్తులను ఒకదానిపై ఒకటి కుదురుస్తారు. గుడి గోపురం, గుట్ట కొన, పాత రైలు వంతెన, చెరువు తూము వంటివి అందుకు పనికొస్తాయి. నాలుగైదు చోట్ల కుదిరితే మిగతా నక్షా అంతా సాగి, ముడుచుకుని, తన అసలు చోటులో పడుతుంది. ఇందుకు క్యూజిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఓపెన్‌కాస్టు ప్రాంతంలో చిక్కేమిటంటే మారని గుర్తులే తక్కువ. ఉన్న గుట్టలు తరుగుతాయి, లేని గుట్టలు లేస్తాయి. ఓబీ మట్టి కుప్పల మీద చెట్లు నాటాక పదేళ్లకు పిల్లలు వాటిని నిజమైన గుట్టలే అనుకుంటారు. ఆ విషయంలో రామగిరి ఖిల్లా మనకు అల్లాహ్ ప్రసాదించిన మేకు. అది కదలదు. ఏ నక్షానైనా ముందు దానికి బిగించవచ్చు.

ఉపగ్రహ చిత్రాలు మరో రకంగా సాయపడతాయి. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని చిత్రిస్తున్నాయి. 2008 నుంచి ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. గూగుల్ ఎర్త్‌లో ఏళ్లను వెనక్కి జరిపి చూసే వీలుంది. మన ఇస్రో 2009లో తెచ్చిన భువన్ కూడా ఉంది. వీటిలో ఏ సంవత్సరం గుంత ఎంత విస్తరించిందో స్పష్టంగా చూడవచ్చు. అయితే ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం. పల్లెటూరి మస్జిదు, దాని వాకిలి, వజూ తొట్టి అన్నీ కలిపినా ఒక్క చుక్కలో మాయమవుతాయి. గొయ్యి ఎప్పుడు వచ్చిందో ఉపగ్రహం చెబుతుంది, గోతిలో ఏమి పోయిందో చెప్పలేదు. అది చెప్పగలిగినవి మన ఇళ్లలోనే ఉన్నాయి. వెనుక మస్జిదు గోడ కనబడుతున్న పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్, భూసేకరణ అవార్డు నకలు, దుబాయి నుంచి పెద్దన్న రాసిన ఉత్తరపు కవరు మీది చిరునామా. పెట్టె అడుగున చెదలు పడుతున్న ఈ కాగితాలే మన ప్రాచ్య లిఖిత భాండాగారం.

పటాన్ని ఎక్కడ ఉంచాలన్నది చిన్న ప్రశ్న కాదు. 2008లో గూగుల్ ప్రజలే పటాలు దిద్దుకునే మ్యాప్ మేకర్ అనే సాధనాన్ని ఇచ్చింది. మన దేశంలో వేలమంది యువకులు తమ వీధులూ ఊళ్లూ ఓపికగా ఎక్కించారు. 2017లో కంపెనీ దానిని మూసివేసింది. ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లం పటాన్ని కూడా పరుల ఇంట్లో అద్దెకు పెట్టడం వివేకం కాదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరి సొత్తూ కాదు. అందులో ఒకే స్థలానికి తెలుగు పేరు, ఉర్దూ పేరు విడివిడిగా రాయవచ్చు. కానీ నేల మీద ఇప్పుడు ఉన్నదే అందులో ఉండాలన్నది దాని నియమం. లేనిదాన్ని తీసేస్తారు. పోయినవాటి కోసం ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అని ప్రత్యేకంగా ఉంది. అక్కడ ఒక మస్జిదు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా నిలిచిందో రాయవచ్చు. మా సూచన ఏమంటే, ఉన్నవి అందులో, పోయినవి ఇందులో, మొత్తానికి ఒక నకలు మన జమాఅత్ చేతిలో, మరొకటి కాగితం మీద అచ్చువేసి మస్జిదు బీరువాలో. కరెంటు లేని రోజున కూడా చదవగలిగేది కాగితమే.

ఇదంతా మనకే పుట్టిన వింత ఆలోచన అనుకోనక్కరలేదు. బొగ్గు కోసం ఊళ్లు పోగొట్టుకున్న మరో అల్పసంఖ్యాక సమాజం ఇప్పటికే ఈ దారిన నడిచింది. జర్మనీ తూర్పున లౌజిట్స్ అనే ప్రాంతంలో సోర్బులు అనే చిన్న జాతి ఉంది. వారిది స్లావిక్ భాష. అక్కడ లిగ్నైటు ఓపెన్‌కాస్టులు వందకు పైగా ఊళ్లను మింగాయి. హోర్నో అనే ఊరివారు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి 2000లో ఓడిపోయారు. ఊరంతా ఫోర్స్ట్ పట్టణానికి తరలింది. 2004లో వారి చర్చిని పేల్చివేశారు. తర్వాత వారు కొత్త హోర్నోలో 2006లో ఒక నిలయాన్ని తెరిచారు. దాని పేరుకు అర్థం అదృశ్యమైన ఊళ్ల భాండాగారం. పోయిన ఊళ్లన్నిటి చోట్లు పటం మీద చూపి, పేర్లను జర్మనులోనూ సోర్బులోనూ రాసి పెట్టారు. హోర్నోకు సోర్బు భాషలో రోగోవ్ అని పేరు. ఊరు పోయినా రెండు పేర్లూ మిగిలాయి. వారు కోర్టులో గెలవలేదన్న సంగతిని మేము దాచదలచలేదు. ఓడిపోయాక కూడా చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుందని వారిని చూసి తెలుసుకున్నాము.

ఫలస్తీనా సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. 1948లో నిర్మూలించిన ఊళ్ల చోట్లను ఫోనులో చూపే యాప్‌ను 2014లో జోఖ్రోత్ అనే సంస్థ తెచ్చింది. ఆ సంస్థ ఇజ్రాయిల్ పౌరులది కావడం గమనించదగ్గ విషయం. 2018లో వచ్చిన పాలస్తీన్ ఓపెన్ మ్యాప్స్ బ్రిటిషు కాలపు పటాలను నేటి నేలపై పరచి చూపుతుంది. శరణార్థి శిబిరంలో పుట్టిన మనుమరాలు నాయనమ్మ చెప్పిన బావిని అందులో వెతుక్కోవచ్చు. మన బాధను వారి బాధతో తూచడం మా ఉద్దేశం కాదు. అక్కడ జరిగింది వేరు, ఇక్కడ పరిహారం పుచ్చుకుని, ఉద్యోగాలూ పుచ్చుకుని కదిలినవారు చాలామంది ఉన్నారు. సాధనం మాత్రం ఒక్కటే.

మన రాజధానికీ ఇలాంటి వరం దక్కింది. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం లియోనార్డ్ మన్ చేత 1912–15 నడుమ హైదరాబాదును గడప గడపా కొలిపించింది. ఆ పటాల్లో మస్జిదులు, దర్గాలు, ఆశుర్‌ఖానాలు, ఖబరస్తాన్లు, బావులు కనిపిస్తాయి. ఈనాటికీ ఒక పాత కట్టడం ఎక్కడ ఉండేదని వాదం వస్తే వాటిని తెరుస్తారు. కోల్‌బెల్టు పల్లెలకు అలాంటి వరదా రాలేదు, అలాంటి సర్వేయరూ రాలేదు.

ఇక అభ్యంతరాల సంగతి. మా మాట వినగానే మన జమాఅత్‌లోనే మూడు గొంతులు లేచాయి. మూడింటిలోనూ పస ఉంది.

దర్గాలను, పీర్ల కొట్టాలను పటమెక్కించి బిద్అత్‌కు ప్రచారం చేస్తారా అన్నది మొదటి మాట. మేము ఫత్వా ఇవ్వబోవడం లేదు, ఆ అర్హత మాకు లేదు. ఏది ఆచరించాలన్నది ధర్మపండితుల విషయం. ఏది ఇక్కడ ఉండేదన్నది చరిత్ర విషయం. పీర్ల కొట్టాన్ని వదిలేసి తెలంగాణ ముస్లిం పల్లెను గీస్తే అది అబద్ధపు పటం అవుతుంది. పైగా పీరీలను ఎత్తుకున్న భుజాలు, కొట్టానికి సున్నం వేసిన చేతులు చాలా ఊళ్లలో మన పొరుగువారివే. వారిని అడగకుండా గీసిన పటం సగమే. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని ప్రవక్త (స) బోధించారు. సందర్శించడానికి చోటు తెలియాలి కదా.

రెండో మాట భయం. మస్జిదుల జాబితా తయారుచేసి ద్వేషించేవారి చేతికి ఇస్తున్నామా? ఈ భయాన్ని కొట్టిపారేయలేము. 2002లో గుజరాత్‌లో దాడులకు వచ్చినవారి వద్ద ముస్లింల ఇళ్ల, దుకాణాల జాబితాలున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ తన నివేదికలో రాసింది. అందుచేత మేము గట్టిగా ఒక గీత గీసుకున్నాము. బతికున్నవారి ఇల్లు ఏదీ పటంలోకి రాదు. పేరు, క్వార్టరు నెంబరు, దుకాణం, ఫోను ఏవీ రావు. అందరికీ తెలిసిన ప్రజా స్థలాలు, పోయిన స్థలాలు మాత్రమే వస్తాయి. చెప్పినవారి పేరు ప్రత్యేక పుస్తకంలో ఉంటుంది, బయటికి రాదు. ఆలిమ్‌లకన్నా, వకీళ్లకన్నా ముందు మన ఇంటి ఆడవాళ్లు ఈ నియమం గురించి అడిగారు. ఆ ప్రశ్న మాకు తట్టనందుకు కొంత సిగ్గుపడ్డాము.

మూడో మాట ఎవరూ పైకి అనరు, గుసగుసగా అంటారు. పాతవి తవ్వితే మనవాళ్ల పేర్లే బయటపడతాయి కదా అని. నిజమే. వక్ఫ్ భూములు ఆక్రమణకు గురయ్యాయని మనం వేదికల మీద చెబుతాము. ముతవల్లీ సంతకంతో చేతులు మారిన గుంటల గురించి చెప్పము. కొత్త చట్టం మీద మన విమర్శకు బలం ఉండాలంటే ఈ చీకటి కోణాన్ని కూడా అదే పటం మీద, అదే సిరాతో రాయాలి. పరిహారం వచ్చిన ఖబరస్తాన్‌కు ఆ డబ్బు ఏమైందో జమాఅత్‌కు లెక్క చెప్పినవారు ఎందరు? ఈ ప్రశ్న అడిగే ధైర్యం లేనివారు ఈ పనికి పూనుకోకపోవడమే మంచిది.

వీటికి తోడు మరో ప్రమాదం ఉంది. అది మన ఉత్సాహమే. ఇరవై ఖబర్లను రెండు వందలనడం, రెండు తరాల మస్జిదును కుతుబ్‌షాహీల కాలానికి జరపడం మనకు చేతకాని పని కాదు. ఒక్క అబద్ధపు చుక్క దొరికితే చాలు, మిగతా నూరు నిజాలనూ దానితోనే కొట్టేస్తారు. కనుక ప్రతి గుర్తు పక్కనా మూడు సంగతులు రాసి తీరాలి. ఎవరు చెప్పారు, స్వయంగా చూశారా విన్నారా, కాగితం ఏదైనా తోడుందా. కళ్లారా చూసినదానికి ఒక రంగు, విన్నదానికి మరో రంగు. ఫోను చూపే చోటులో అయిదు పది మీటర్ల తేడా ఉంటుంది కనుక ఖబర్ల వరుసలు గీసేటప్పుడు టేపుతో కొలవాలి.

కొలవడానికి మనుషులు కావాలి కదా అంటారేమో. ఆ మాటకు వస్తే మనంత అదృష్టవంతులు లేరు. ఈ కాలనీల్లో గని సర్వేలో జీవితమంతా గడిపిన సర్వేయర్లు, చైన్‌మన్లు ఉన్నారు. చీకట్లో, దీపం వెలుతురులో, అంగుళం తేడా రాకుండా గ్యాలరీ కొలిచినవారికి ఎండలో ఖబరస్తాన్ కొలవడం ఎంత పని? మా కాలనీ పక్కనే మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. క్యూజిస్ వారం రోజుల్లో నేర్చుకోగల పిల్లలు అక్కడ ఉన్నారు. ఉర్దూ రాత చదవగల హాఫిజ్ సాహెబులు మస్జిదుల్లో ఉన్నారు. సర్వేయరు, విద్యార్థి, ఉర్దూ చదువరి ఈ ముగ్గురూ ఇంతవరకూ ఒక చాప మీద కూర్చోలేదు, అంతే.

త్వరపడవలసిన కారణం వయసు. 1990ల ఆరంభంలో సింగరేణి కార్మికులు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. పదవీ విరమణ వయసు 61. ఉద్యోగం ముగిశాక క్వార్టరు ఖాళీ చేయాలి. ఒకరు కరీంనగర్ వెళతారు, ఒకరు హైదరాబాదులో కొడుకు దగ్గరికి, ఒకరు కూతురి వెంట షార్జా. పల్లెలో ముసలివారు అరుగు మీదే ఉంటారు, ఎప్పుడైనా అడగవచ్చు. కాలనీలో జ్ఞాపకానికి కూడా రిటైర్మెంటు ఉంది. గత కొన్నేళ్లలో మా మస్జిదులో మొదటి వరుసలో నిలబడేవారి ముఖాలు ఎన్ని మారాయో లెక్కపెడితే ఈ మాట అర్థమవుతుంది.

మేము ఆ పెద్దాయన ఊరితోనే మొదలుపెట్టాము. అదే ఊరి మరో కుటుంబం గోదావరిఖనిలో ఉందని తెలిసి, ఆ ఇంటి పెద్దను కూడా కూర్చోబెట్టాము. ఇద్దరూ చిన్నప్పుడు కలిసి ఈత కొట్టినవారే. తెల్లకాగితం మీద మస్జిదు గీశాము, ఒప్పుకున్నారు. కొట్టం గీశాము, ఒప్పుకున్నారు. బావి దగ్గరికి వచ్చేసరికి ఒకాయన వేపచెట్టుకు తూర్పున అన్నాడు, మరొకాయన ఉత్తరాన అన్నాడు. గంటసేపు వాదులాడుకున్నారు, చాయ్ చల్లారింది. లోపలి నుంచి ఆ ఇంటి పెద్దమ్మ, పొద్దున నీళ్లు తోడుతుంటే ఎండ కళ్లల్లో పడేదని గుర్తుచేసింది. అయినా ఇద్దరూ వినలేదు. చివరకు పటం మీద రెండు చోట్లా చుక్కలు పెట్టి, ఒక్కోదాని పక్కన చెప్పినవారి సంఖ్య రాసుకున్నాము. పెద్దమ్మ చెప్పిన ఎండ సంగతి కూడా కింద రాశాము. ఆ ఊరి ఉర్దూ నక్షా కోసం దరఖాస్తు పెట్టాము.